దొరగారి అవును, మావారి ఊఁ

"ఈ గది ఆ ఆడపిల్లలకు ఇచ్చేద్దామా?" అన్నాను.

"ఊఁ," అన్నారు మావారు.

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాట అదే. నేను గుమ్మంలో నిలబడి అడిగాను. ఆయన కాగితాల మీంచి తల ఎత్తలేదు. తెల్లారేసరికి మనిషి లేరు.

కాపురానికి వచ్చిన నాటినుంచీ కెనడాలో, ఈ గ్వెల్ఫ్ ఊరి ఇంట్లో మేము ముగ్గురం. మూడోవాడు ఎప్పుడో రెండువందల ఏళ్ళ కిందట పోయిన ఇంగ్లండు దొర. పోనీ గొప్పవాడా అంటే, అదీ లేదు. పిల్లనిచ్చిన మామ ఇప్పించిన సీటులో, పార్లమెంటులో కూర్చున్నాడట. ఓటేయడానికి ఆ ఊళ్ళో గుప్పెడు జనం కూడా లేరట. మామ అవునంటే అవును, కాదంటే కాదు. ఒక్కసారి మాత్రం, ఊరందరి పశువులు మేసే బీడు సంగతి ఓటుకు వచ్చినప్పుడు, మామ కాదన్నదానికి ఇతను అవునన్నాడు. తెలిసి అన్నాడా, కునుకుపాటులో అన్నాడా? మావారు దానిమీదే రీసెర్చ్ చేస్తూ తల నెరిపించుకున్నారు. గదినిండా ఆ ఒక్క అవును తాలూకు కాగితాలే. నేను బట్టలు ఆరేసుకోవడానికి కూడా చోటు లేదు.

కింద బేస్‌మెంట్‌లో మా ఆడపడుచు కూతురు ఉండి చదువుకుంటోంది. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది అదే. "అత్తయ్యా, మా క్లాస్‌మేట్స్ ఇద్దరికి ఎక్కడా రూమ్ దొరకట్లేదు. ఎవరిదో కిచెన్‌లో ఫ్లోర్ మీద పడుకుంటున్నారు," అంది. అందుకే ఆ రోజు మావారిని అడిగాను.

దినాలయ్యాక, మావారితో కలిసి కాలేజీలో పాఠాలు చెప్పిన పెద్దమనిషి వచ్చాడు.

"అక్కయ్యగారూ, ఆ గది మాత్రం కదపకండి. జీవితమంతా చేసిన రీసెర్చ్ అది."

"పిల్లలకివ్వడానికి ఆయన ఒప్పుకున్నారండీ."

"ఏమన్నారు?"

"ఊఁ అన్నారు."

నవ్వాడు. "ఊఁ అంటే ఒప్పుకున్నట్టా అక్కయ్యా! దొర ధ్యాసలో అనేసి ఉంటారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ముక్కూ మొహం ఎరగని దొర అవునంటే, తెలిసే అన్నాడని మీరిద్దరూ నా టీలు తాగుతూ ఏళ్ళతరబడి వాదించారే! కట్టుకున్నవాడి ఊఁ నా చెవులతో నేను విన్నాను. అదొక్కటీ కునుకుపాటుదా?"

ఆ పెద్దమనిషి టీ సగంలో వదిలేసి లేచాడు.

నిజం చెప్పాలంటే, నాకూ తెలియదు. కూరలో ఉప్పు చాలిందా అన్నా ఊఁ, మంచు పడుతోందండీ అన్నా ఊఁ. దొర గురించయితే గంటలకొద్దీ చెప్పే మనిషికి, నాతో ఒక్క మాట నిండుగా అనడానికి ఏమొచ్చింది? ఇప్పుడు ఎవరినడగను?

కాగితాలు అట్టపెట్టెల్లోకి ఎక్కించి బేస్‌మెంట్‌లోకి దింపించాను. పిల్లలు శనివారం వస్తున్నారు. గది ఇమ్మని ఆయనే అన్నారు, అదీ రాయవే.

"'ఇమ్మన్నారు' అని రాయనా అత్తయ్యా, 'ఊఁ అన్నారు' అనా?"

ఊఁ అన్నారనే రాయి. రేపెవరైనా దానిమీద రీసెర్చ్ చేసుకుంటారు. అయిందా? ఏదీ, మొదటినుంచీ చదివి వినిపించు. నేను ఊఁ కొడతాను.