అమ్మ చూసిన చిత్రిక

గుంటూరులో మా వీధి మొదట్లో ఒక ఫర్నిచర్ షాపు ఉంది. పొద్దున్నే దాని ముందునుంచి నడుస్తుంటే, మిషను కింద నలిగే టేకు వాసన కాస్త కమురు కలుపుకుని వచ్చి, పర్చూరు దగ్గర మా ఊళ్ళో, తాటాకు పందిరి కింద నాన్న చెక్కను నునుపు చేస్తూ చిత్రిక పట్టే మధ్యాహ్నాల్లోకి నన్ను లాక్కుపోతుంది.

మా నాన్న బ్రహ్మయ్య వడ్రంగి. ఎండాకాలం కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు ఊరంతా కమ్ముకుని, దారినపోయేవాళ్ళు తుమ్ముకుంటూ పోయేవాళ్ళు. తొలకరి పడేలోగా గొర్రులూ గుంటకలూ బాగుచేయించుకోవాలని వచ్చిన రైతులు మా పందిరి కింద చేరి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, పత్తి గురించీ పురుగు గురించీ గట్టిగట్టిగా మాట్లాడుకునేవాళ్ళు. మా అమ్మ కోటమ్మ కళ్ళాల్లో తాలుకాయలు ఏరడానికి వెళ్ళేది. అంత ఎర్రటి కుప్పలో పాలిపోయిన కాయ ఎక్కడున్నా ఆమె కంట పడాల్సిందే.

ఒక ఏడాది ఊళ్ళో చర్చికి తలుపులు చేసే పని నాన్నకు వచ్చింది. అప్పటికే ఆయన కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి, ఎవరికీ చెప్పలేదు. చిత్రికలో ఉలి ఒక పక్కకు వాలినా తెలిసేది కాదు. సంఘపెద్ద దేవదాసు మాస్టారు పని చూడడానికి వచ్చి, చెక్క మీద అరచేత్తో రాస్తూ ఒకచోట ఆగిపోయారు.

"ఏంటి బ్రహ్మయ్యా ఈ గాడి? చూపు ఆనట్లేదా? పోనీ, ఇంకెవరికైనా ఇద్దామా?"

నాన్న తల వంచుకున్నాడు. వంటింట్లోంచి విన్న అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, చిత్రికను తిరగేసి, వెలుతురుకు ఎదురుగా కంటి దగ్గర పెట్టుకుంది.

"ఉలి ఎడంపక్క ఎక్కువ దిగిందండీ. కాస్త ఎత్తండి."

నాన్న చిత్రిక వెనక సుత్తితో తట్టి ఉలిని పైకి లేపాడు, పక్కకు సర్ది మళ్ళీ కొద్దిగా దించాడు.

"చాలు, చాలు. ఇప్పుడు సమంగా ఉంది."

చిత్రికను తోస్తే ఉల్లిపొరలాంటి పలచని చెక్కచుట్ట పొడవునా లేచింది. మాస్టారు నవ్వి, "నువ్వు చూస్తుంటే నాకు భయం లేదమ్మా, మీరే చెయ్యండి," అన్నారు.

ఇక రోజూ అంతే. అమ్మ చూసేది, నాన్న తట్టేవాడు. మొదటి చుట్ట లేచేదాకా అమ్మ పక్కనే నిలబడి, దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసుకుని గానీ లోపలికి వెళ్ళేది కాదు.

తలుపులు పూర్తికావస్తుండగా ఒకరోజు అడిగింది: "నన్నూ ఒకసారి తొయ్యనివ్వండి."

"నీకెందుకే ఈ పని? ఎవరన్నా చూస్తే నవ్విపోతారు."

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాతా పిలిచినప్పుడల్లా వచ్చి ఉలి చూసిపెట్టేది. కానీ చుట్ట లేచేదాకా ఆగేది కాదు. చర్చి తలుపులు బాగా కుదిరాయని అందరూ మెచ్చుకున్న రోజు కూడా చూడటానికి వెళ్ళలేదు.

కొన్నాళ్ళకు గుంటూరులో ఆపరేషన్ చేయించుకుని నాన్నకు చూపొచ్చింది. అమ్మను పిలవాల్సిన పని లేకపోయింది. ఆమె పోయాక చాలా ఏళ్ళకు, అన్నం ముందు కూర్చుని, ఎవరూ అడక్కుండానే అన్నాడు: "తొయ్యనిస్తే నాదేం పోయేదే అమ్మాయ్?"

ఇప్పుడు నాన్నా లేడు. ఆ చర్చిని కూలగొట్టి పెద్దది కట్టి, గాజు తలుపులు పెట్టారు. పందిరి ఉన్న చోట సిమెంటు రోడ్డు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పాత గుమ్మానికో, ఏ మంచానికో అమ్మ చూపు తగిలిన చెక్క ఇంకా ఉండే ఉంటుంది. అమ్మ తన చేత్తో నునుపు చేసింది మాత్రం ఎక్కడా లేదు.