శవానికి పెళ్లికళ

కామాక్షి చెయ్యి పడితే ఏ బొమ్మకైనా పెళ్లికళ వచ్చేస్తుంది. చదువుకుంటూనే నెల్లూరులో ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పిల్ల మరి! ఆమె రంగులు దిద్దితే, అలిగి మూల కూర్చున్న మేనమామ మొహంలో కూడా దీపాలు వెలిగేవి. ఒక పెళ్లిలో వానకు పందిరంతా కారిపోయింది. దాన్ని కామాక్షి ఎంత ఎండగా మార్చిందంటే, ఇంట్లో ఆ వీడియో చూస్తున్న పెళ్లికొడుకు తండ్రి ఉన్నట్టుండి గొడుగు తెమ్మన్నాడు.

అంతా బాగుంది గానీ, వీడియో చివర పడే పేరు స్టూడియోది. కామాక్షి పేరు చీమ తలంతైనా ఉండదు. అందుకే కాలేజీలో తనతో చదివే అశోక్ క్రైమ్ సినిమా తీస్తూ, "ఎడిటింగూ కలరింగూ నువ్వే చెయ్యి, తెర నిండా నీ పేరేస్తాను" అన్నప్పుడు, ఆమె కథేమిటని కూడా అడగకుండా ఒప్పేసుకుంది.

కథ చిన్నదే. తోటపల్లి గూడూరు దగ్గర, కామాక్షి వాళ్ల ఊరి రొయ్యల గుంట గట్టున ఒక శవం దొరుకుతుంది. ఎవరు చంపారన్నదే సినిమా. ఆ బురదలో పడుకోవడానికి కాలేజీ కుర్రాళ్లెవరూ ముందుకు రాకపోతే, కామాక్షి తండ్రి పెంచల్ నడుం బిగించాడు. "పడుకోవడమే గదయ్యా, నాకు పుట్టినప్పట్నుంచీ అలవాటే" అన్నాడు. అన్నట్టే పడుకుని, కెమెరా తిరిగేలోపల నిజంగానే నిద్రపోయాడు.

ఆ నిద్రతో కామాక్షికి పని పడింది. ఎగిరిపడే పొట్టను కదలకుండా ఆపింది. గురకలన్నీ గాలి హోరు కింద పూడ్చింది. ఒక గురక మరీ ముచ్చటగా ఉంటే, దాన్ని పోలీసు జీపు స్టార్టయ్యే శబ్దానికి వాడుకుంది. ఎవరూ కనిపెట్టలేదు.

చిక్కంతా రంగుల్లో వచ్చింది.

"ఏంది కామాక్షీ ఇది!" అశోక్ తల పట్టుకున్నాడు. "మీ నాయన చచ్చినట్టా ఉండాడు? అత్తగారింట్లో బొబ్బట్లు తిని పడుకున్నట్టుండాడు."

ఆమె అంతా నీలం చేసింది.

"ఇప్పుడు నాటకంలో కృష్ణుడు. కిరీటం ఒకటే తక్కువ. చూడమ్మే, రేపటికి శవం శవం మాదిరిగా లేకుంటే పని నరేంద్రబాబన్నకు ఇచ్చేస్తా. ఆయన నెల్లూరులో యాడ్ ఫిలింలకు రంగులేసే మనిషి. అప్పుడు తెర మీద ఆయన పేరే పడతాది."

కామాక్షి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఊరికి బస్సెక్కింది. ఇంట్లో కూర్చుని తండ్రి బుగ్గల్లో రక్తం తీసేయడం, జాలేసి మళ్లీ కాస్త పొయ్యడం. తీయడం, పొయ్యడం. తల్లి వెంకటశేషమ్మ తొంగిచూసి, "ఊళ్లో పెళ్లికొడుకులందరికీ దిద్దినావు, మీ నాయనేం పాపం చేసినాడు? ఇంకొంచెం మెరుపు పెట్టమే" అంది.

పెంచల్ మంచం మీంచే అన్నాడు: "సంపు తల్లీ, సంపు. నేనేమన్నా అనుకుంటానా?"

ఆ మాటతో కామాక్షికి ధైర్యం వచ్చింది. ఈసారి బొమ్మంతటి జోలికి పోలేదు. బురదకూ గడ్డికీ ఎండ వెచ్చదనం అలాగే ఉంచి, మనిషి ఒంట్లోంచి మాత్రం తీసేసింది. పెదవులకు బూడిద రంగు, కళ్ల కింద పాచి నీడ. చుట్టూ బురద బతికే ఉంది, మధ్యలో మనిషి పోయాడు. చూసి తనకే ఒళ్లు జల్లుమంటే, పోయి తండ్రి చెయ్యి పట్టుకుని వెచ్చగా ఉందో లేదో చూసుకుంది. ఒక బొమ్మ తీసి అశోక్‌కు పంపింది.

శవాన్ని చూసీ చూసీ అశోక్‌కు బాగుందో లేదో తెలియకుండా పోయింది. నలుగురూ ఏమంటారో చూద్దామని, ఒక్క మాటైనా రాయకుండా ఆ బొమ్మను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశాడు. అతనిది దొరవారిసత్రం. పెంచల్ అక్క పిచ్చమ్మ కాపురముండేదీ ఆ ఊళ్లోనే.

మర్నాడు మధ్యాహ్నం పెంచల్ అరుగు మీద చేపల పులుసుతో అన్నం తింటుంటే, ఇంటి ముందు వ్యాను ఆగింది. గజమాలతో పిచ్చమ్మ, ఆమె వెనక వ్యానుకు పట్టినంత మంది చుట్టాలు గుండెలు బాదుకుంటూ దిగారు. అక్క ఏడుపు చూసి తట్టుకోలేక పెంచల్ ఎంగిలి చేత్తోనే లేచి, ఆమెను పట్టుకుని బావురుమన్నాడు.

"ఎవరక్కా పోయింది?"

"నువ్వేరా నా తమ్ముడా!"

"నేనా? ఎప్పుడు?"

"నిన్నేరా! నా కళ్లతో చూసినా, రొయ్యల గుంట కాడ..." అంటూ పిచ్చమ్మ అతని మొహంలోకి చూసి, మాల వదిలేసి, పులుసు చెయ్యి వాసన చూసి, వీపు మీద ఒక్కటి చరిచింది.

సంగతి తెలిసి బైకు మీద పరిగెత్తుకొచ్చిన అశోక్, వాకిట్లో అంతమంది ఎర్రటి కళ్లు చూసి కామాక్షికి రెండు చేతులూ జోడించాడు. "నరేంద్రబాబన్నా వద్దు, ఎవరూ వద్దు. నీ పేరే!"

"ఎవరి పేరూ లేదు, సినిమానే లేదు" అంది పిచ్చమ్మ. "బతికున్నోడికి ఏడిస్తే కీడు. ఏడ్చినోళ్లందరి ముందరా ఆ మనిషి పళ్లన్నీ కనపడేట్టు నవ్వాల."

పెంచల్ వెంటనే ఇకిలించాడు.

"నువ్వు గాదురా! నేనేడ్చింది ఆ బొమ్మకి. బొమ్మే నవ్వాల."

"శవం నవ్వితే క్రైమ్ ఏం గావాలత్తా?" అశోక్ లబలబలాడాడు. "దయ్యం సినిమా అవుతాది!"

"అయితే మానుకో" అంది వెంకటశేషమ్మ, వదినగారి పక్కన నిలబడి.

పేరు చేతిదాకా వచ్చి జారిపోతోంది. కామాక్షి గబగబా అడ్డం పడింది. "హంతకుడు దొరికిపోయినాక పేర్లు పడతాయి గదత్తా. కథ అయిపోయుంటాది. నాయన్ని అప్పుడు నవ్విస్తా, అదే బురదలో."

అందరూ గుంట దగ్గరికి నడిచారు. పడుకోవడం పుట్టుకతో వచ్చిన పెంచల్‌కు, కెమెరా ముందు నవ్వమంటే మాత్రం రాలేదు. చివరికి, ఎట్టా నవ్వాలో చూపిస్తానని గట్టు దిగిన పిచ్చమ్మ జారి బురదలో చతికిలబడింది. అప్పుడొచ్చింది నవ్వు, గుంటలో రొయ్యలు అవతలి గట్టుకు ఎగిరిపడేంత నవ్వు.

కాలేజీలో సినిమా వేసిన రోజు వ్యానెడు చుట్టాలూ ముందు వరసల్లో కూర్చున్నారు. శవం కనబడగానే హాలంతా నోరు మూసుకుంది. హంతకుడు దొరికాడు. తెర నిండా పెంచల్ బురద మొహంతో లేచి పకపకా నవ్వాడు. ఆ నవ్వు పక్కనే, "ఎడిటింగ్, కలరింగ్: కామాక్షి" అని పడింది. ఈలలు, కేకలు. జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వాళ్ల తలకాయల వెనక కామాక్షికి తెర కనబడితే ఒట్టు! మునివేళ్ల మీద నిలబడింది, ఎగిరింది, లాభం లేకపోయింది.

పిచ్చమ్మ వెనక్కి తిరిగి చూసి గొంతెత్తింది. "మళ్లా వెయ్యండబ్బా! ఈ తూరి అందరూ కూసోండి. మా కోడలు దాని పేరు చూసుకోవాల!"

మళ్లీ వేశారు. ఈసారి ఎవ్వరూ లేవలేదు, కామాక్షి తప్ప.