అద్దం వరస, తెర వరస

కంప్యూటర్‌తో బొమ్మలు వేయడం పట్నం కాలేజీల్లోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. ఉదయగిరిలో షాపుల అద్దాల మీద పేర్లూ బొమ్మలూ వేసే మా ఇంట్లోంచి కూడా అది మొదలైంది. నేను రాయకపోతే ఆ సంగతి ఇంకెవరూ రాయరు.

తొంభైల చివర్లో ఆత్మకూరులో కంప్యూటర్ సెంటరు పెట్టారు. అప్పటికే మా లైబ్రరీలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ పుస్తకాన్ని, బేసిక్ అనే ప్రోగ్రాముల భాష నేర్పేదాన్ని, మూడుసార్లు చదివి, కంప్యూటర్ ముట్టుకోకుండానే నోటుబుక్కు నిండా ప్రోగ్రాములు రాసుకున్నాను. సెంటరు సారు అది తిరగేసి నవ్వారు.

"శనివారం ఒక గంట ఇస్తా మే. బొమ్మ వస్తే రోజూ వచ్చి కూర్చో. రాకపోతే నోటుబుక్కులోనే గీసుకో."

శనివారం నాయన కూడా బస్సెక్కాడు. ఆకాశం, దాని ముందు ఉదయగిరి కొండ, కొండ ముందు కోటగోడ, గోడ ముందు చెట్టు. పొర మీద పొరగా రావాల్సిన బొమ్మ అది. టైపు చేసి నడిపించాను. చెట్టు వచ్చింది. గోడ దాన్ని కప్పేసింది. గోడను కొండ కప్పింది. చివర్లో నీలం వచ్చి అంతా మింగేసింది.

"ఆకాశం బాగుండాది," అన్నారు సారు. "ఇంకో పది నిమిషాలే. తర్వాత బ్యాచ్ వస్తాది."

నాయన తెరకేసి అట్లాగే చూస్తున్నాడు. "వరస సరిగ్గానే ఉండాది కదమ్మే? ముందు చెట్టు, ఆఖర్న ఆకాశం. నేనూ అట్నే కదా ఏసేది."

అప్పుడు తెలిసింది. నాయన అద్దానికి వెనకవైపు రంగు వేస్తాడు. చూసేవాళ్లు ముందువైపు నుంచి చూస్తారు కాబట్టి మొదట వేసిందే పైన కనిపిస్తుంది. నేను పుట్టినప్పటి నుంచి చూసిన వరస అదే. తెరకు అట్లాంటి వెనకవైపు లేదు. ఇక్కడ చివర వేసిందే పైకి వస్తుంది.

అంతా మళ్లీ టైపు చేసే టైము లేదు. పుస్తకం ఆదుకుంది. బేసిక్‌లో లైను ముందున్న నంబరు ప్రకారమే పని నడుస్తుందని చదివాను. నంబర్లు మార్చితే చాలు. ఆకాశం లైన్లకు చిన్న నంబర్లు, చెట్టు లైన్లకు పెద్ద నంబర్లు ఇచ్చి, పాతవి కొట్టేశాను.

నీలం పరుచుకుంది. దాని మీద కొండ లేచింది. గోడ, గోడ ముందు చెట్టు. చెట్టు నిజంగా ముందుకొచ్చి నిలబడింది.

సారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "ఎప్పుడొస్తావు మే?"

"రేపే సార్."

"రేపు ఆదివారం," అన్నాడు నాయన. "చర్చికి కంప్యూటర్ పోతాదా నీ బదులు?"

సోమవారం మొదటి బస్సుకే వెళ్లాను. మాట నిలబెట్టుకున్న ఆ సారుకూ, గడువు దాటినా ఆ పుస్తకాన్ని మళ్లీ నా పేరు మీదే రాసిన లైబ్రేరియన్ గారికీ నేను రుణపడి ఉన్నాను. నాయనకూ అదే మాట చెప్పబోతే, "ముందు ఆ కొండకు ఇంకొంచెం ఎరుపు కలుపు," అన్నాడు.