లచ్చవ్వ పరుగుకు పది నిమిషాలు

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నా టేబుల్ మీది ఫోన్ మోగింది. మూడు శీతాకాలాల కిందటి మాట. రియాద్‌లో ఒక స్పోర్ట్స్ చానల్‌లో షెడ్యూలింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. షెడ్యూలింగ్ అంటే ఏ గంటకి ఏ ఆట తెర మీదికి వెళ్లాలో నిర్ణయించడం. బయటివాళ్లు దీన్ని అధికారం అనుకుంటారు. లోపలివాళ్లకి ఇది ఎక్కువగా క్షమాపణలు చెప్పుకునే ఉద్యోగం.

అప్పట్లో మా విభాగానికి పెద్ద ఇద్రీస్ గారు. సూడాన్ మనిషి. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. ఆయన గురించి రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఒక ఒంటె అడ్డం వచ్చి నిలబడుతోంది. కాబట్టి ముందు ఒంటె సంగతి రాస్తాను.

ఒక ఆటను చూపించాలంటే మొదట దాని రైట్స్ ఉండాలి, అంటే ప్రసారం చేసే హక్కు మన దగ్గరుండాలి. తరువాత ఫీడ్ రావాలి, అంటే మైదానం నుంచి బొమ్మా శబ్దమూ మన దాకా చేరాలి. ఆపైన స్లాట్ దొరకాలి. రెండు నమాజుల మధ్య, రెండు కంపెనీల ప్రకటనల మధ్య, ఇద్దరు మేనేజర్ల కోపాల మధ్య మిగిలిన ఖాళీని స్లాట్ అంటాం. ఇవి ఏ చానల్‌లోనైనా ఉంటాయి. మా దగ్గర అదనంగా ఇంకోటి ఉండేది. వారం షెడ్యూల్ కాగితం అంచున ఇద్రీస్ గారు పెన్సిల్‌తో ఒక వరుస గడులు గీసేవారు. దాని పేరు ‘ఎవరి కోసం’. ప్రతి స్లాట్ ఎదురుగా, దాన్ని చూడబోయే మనిషి పేరు ఒక్కటి రాయాలి.

చేరిన కొత్తలో నేను ‘యువత’ అని రాశాను.

“యువత ఎక్కడుంటాడు?” అని అడిగారు. “ఫోన్ నంబరుందా?”

ఆ తరువాత నేర్చుకున్నాను. ఖమీస్ ముషైత్‌లో ఫలానా మంగలి, మదీనాలో హోటల్ డ్యూటీ దిగి వచ్చే ఫలానా గుమస్తా. చానల్‌కి ఫోన్ చేసి తిట్టినవాళ్ల పేర్లే మాకు ఎక్కువగా పనికొచ్చేవి. పేరు దొరకని స్లాట్‌లో పాత మ్యాచ్ వేసేవాళ్లం.

హిందీ ఫోన్లు నాకు ఇచ్చేవారు. ఆ మంగళవారం నేను “హా, బోలియే” అన్నాను.

“అన్నా, నువ్వు తెలుగోనివా?”

“అవునండీ. ఎలా కనిపెట్టారు?”

“నీ హిందీ గట్లున్నది.”

పేరు రాజేశం అని చెప్పాడు. జగిత్యాల దిక్కు మనిషి. బురైదా బయట ఒక ఖర్జూరం తోటలో ఒంటెలు కాస్తాడు. నాది ఒంగోలు అంటే, “పర్వాలేదన్నా, పనైతే చాలు” అన్నాడు.

“ఏం పని?”

“గురువారం మా లచ్చవ్వ ఉరుకుతది. జెర టీవీల సూపెట్టున్రి.”

“లచ్చవ్వ ఎవరు?”

“ఒంటె.”

కాగితాల్లో ఆమె పేరు ఘైమా. పిల్లప్పటి నుంచి రాజేశం చేతి నీళ్లు తప్ప తాగలేదు కనుక ఆమెకు తెలిసిన పేరు లచ్చవ్వే. గురువారం రియాద్ బయట మైదానంలో నాలుగేళ్ల ఒంటెల హీట్స్, అంటే తుది పందానికి ముందు జరిగే వడపోత పందాలు ఉన్నాయి. మేము ఫైనల్స్ మాత్రమే చూపిస్తామని, అది శనివారమని చెప్పాను.

“ఫైనల్ ఒద్దన్నా. ఫైనల్‌కు పొయ్యే మొఖం గాదు దానిది.”

సమస్య అతని కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిది. అబూ నాసిర్ అనే ముసలాయన. మోకాలి ఆపరేషన్ అయింది, రియాద్ దాకా అన్ని గంటలు కారులో కూర్చోలేడు. ఒంటె పందెంలో పరుగెత్తిన రోజున రాజేశానికి ఛుట్టీ ఇస్తానని మాట ఇచ్చాడు. అప్పటిదాకా ఇవ్వడు. ఇంకెవరూ దానికి నీళ్లు పెట్టలేరు మరి. పోయినేడు కూడా ఇదే మాట ఇచ్చాడు. కొడుకులు ఒంటెను తీసుకెళ్తున్నామని చెప్పి, దారిలో ఎవరి తోటలోనో దింపి సముద్రం చూడ్డానికి పోయారు. తిరిగొచ్చి నాలుగో స్థానం వచ్చిందన్నారు. అబద్ధం బయటపడ్డాక ముసలాయన కొడుకుల మాట వినడం మానేశాడు. ఈసారి టీవీలో తన కళ్లతో చూస్తేనే ఉరికినట్టు. లేకపోతే మళ్లీ ఏడాదికే.

“ముసలోడు ఆయన ఫోన్ల బటన్ నొక్కుడే అన్నా. ఎగ్జిట్ రీఎంట్రీ అచ్చేస్తది, ఇంటికి పొయ్యి రావొచ్చు. గా ఒక్క బటన్‌కు రెండేండ్లాయె.”

“ఇంట్లో ఎవరున్నారు?”

“బిడ్డకు మూడేండ్లు. పుట్టినంక సూడలే, ఫోన్ల సూసుడే. ఛార్జర్‌ను సూసి ‘మా బాపు బువ్వ’ అంటదట.”

ప్రయత్నిస్తానని చెప్పాను. మా విభాగంలో ఆ మాటకు అర్థం ‘కుదరదు’. అతనికి ఆ సంగతి తెలియదు. సంతోషంగా ఫోన్ పెట్టేశాడు.

బుధవారం మీటింగ్‌లో గురువారం మూడున్నర స్లాట్ వచ్చింది. ఆ గంటలో స్టూడియో చర్చ ఉంది. ముగ్గురు మాజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఒక గాజు బల్ల చుట్టూ కూర్చుని, రాత్రి జరగబోయే మ్యాచ్‌లో ఏమైనా జరగవచ్చని గంటసేపు చెబుతారు. దానికి ఒక షాంపూ కంపెనీ ప్రాయోజకులు. ఆ గంట మధ్యలో పది నిమిషాలు హీట్స్‌కి వెళ్దామన్నాను. రైట్స్ ఒంటె పందాల పండుగ మొత్తానికీ ఉన్నాయి. ఫీడ్ ఎలాగూ వస్తోంది, చూసేవాళ్లే లేరు.

ప్రకటనలు చూసే రామీ లెబనాన్ మనిషి. చేతిలో పెన్ను బల్ల మీద పెట్టాడు.

“ఒంటెలు షాంపూ కొనవు.”

“నువ్వు ఒంటెల వాళ్లింటికి ఎప్పుడూ వెళ్లలేదన్నమాట,” అన్నారు ఇద్రీస్ గారు. “పిల్లలకి రుద్దుతారో లేదో గాని ఒంటెకి రుద్దుతారు.”

“ఎవరు చూస్తారు దాన్ని?”

ఇద్రీస్ గారు కాగితం నా వైపు జరిపారు. అంచు గడిలో రాశాను: అబూ నాసిర్, బురైదా, మోకాలు.

“ఒక్కడా?” అన్నాడు రామీ.

“చర్చకి ఎవరి పేరు రాశావు?” అని నన్ను అడిగారు ఇద్రీస్ గారు.

చర్చ ఎదురుగా గడి ఖాళీగా ఉంది. రామీ కొంచెం ఆలోచించి, “మా బావమరిది” అన్నాడు.

“చూస్తాడా?”

“అందులో మాట్లాడేది వాడే.”

పది నిమిషాలు దొరికాయి.

గురువారం మూడు గంటల నలభై నిమిషాలకు నేను, ఇద్రీస్ గారు కంట్రోల్ రూమ్‌లో ఉన్నాం. మా పని కాగితంతో అయిపోతుంది, అక్కడికి వెళ్లే అలవాటు లేదు. లైవ్ నడిపేది మిషాల్ అనే సౌదీ కుర్ర ప్రొడ్యూసర్. నియమాలన్నీ కంఠస్థం, మినహాయింపులు ఒక్కటీ రావు.

ఒంటెల మీద ఇప్పుడు మనుషులు ఎక్కరు. మూపురం మీద చిన్న రోబో ఉంటుంది. దానికి ఒక కొరడా, ఒక స్పీకరు. యజమానులు పక్కనున్న రోడ్డు మీద కార్లలో వెంటపడుతూ వాకీటాకీలో అరుస్తారు. ఆ అరుపు ఒంటె చెవి వెనక వినిపిస్తుంది. మా కెమెరా బండి కూడా పక్కనే పరుగెడుతుంది.

పన్నెండు ఒంటెలు బయలుదేరాయి. సగం దూరం దాకా లచ్చవ్వ ఆరో స్థానంలో ఉంది. తరువాత నెమ్మదించింది. తరువాత నడిచింది. ఆ తరువాత ఆగి, మెడ తిప్పి, మా కెమెరా వైపు చూసింది. స్పీకర్‌లో ముసలాయన కొడుకు నాసిర్ అరబ్బీలో అరుస్తున్నాడు. ఆమెకి అది తనకి సంబంధించిన విషయంలా అనిపించలేదు. కెమెరామన్ గెలిచే ఒంటెల్ని వదిలేసి ఆమె దగ్గరే ఆగిపోయాడు. అతన్ని తప్పుపట్టలేం. ఆమె కెమెరాలోకి అలా చూస్తోంది.

స్పీకర్‌లో గరగర శబ్దం వచ్చింది. వాకీటాకీ చేతులు మారింది. అప్పుడు మా చానల్‌లో, దేశమంతటా, లైవ్‌గా తెలుగు వినిపించింది.

“లచ్చవ్వా! ఓ లచ్చవ్వా! ఏమైందే నీకు? ఉర్కవే, నీ తల్లి! గా ముసలోడు టీవీల సూస్తున్నడే! నువ్వు ఉరికితేనే బటన్ నొక్కుతడు! లేకుంటే ఇద్దరం గీ ఇసుకలనే సత్తమే! నా బిడ్డను సూడాలెనే! ఉర్కు బంగారం, ఉర్కు!”

లచ్చవ్వ చెవులు కదిలాయి.

“ఏం భాష ఇది?” మిషాల్ చెయ్యి బటన్ మీదికి పోయింది. “బూతా? స్టూడియోకి కట్ చేస్తున్నాను.”

నియమం అదే. లైవ్‌లో తిట్టు వినబడితే వెంటనే స్టూడియోకి రావాలి. గాజు బల్ల దగ్గర రామీ బావమరిది టై సర్దుకుంటున్నాడు. ఆ గదిలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

“ఒంటె తల్లి గురించి మాట్లాడుతున్నాడు,” అన్నాను.

అబద్ధం కాదు. ఒంటెల వాళ్లు వంశం ఎత్తడం ఇక్కడ మామూలే.

“మంచి వంశమా?”

“చాలా గట్టిగా చెబుతున్నాడు.”

మిషాల్ చెయ్యి తీసేశాడు. ఈలోగా కామెంటేటర్ తన వంతు సాయం చేశాడు. ఇది హిందుస్థాన్‌లో ఒంటెలకి పాడే ప్రాచీన గీతమని ప్రేక్షకులకి వివరించాడు. లచ్చవ్వ ఒక్కసారి ఊగి, పరుగందుకుంది. చివరి దాకా ఆ గీతం ఆగలేదు. తొమ్మిదో స్థానం వచ్చింది. పది నిమిషాలు పద్నాలుగయ్యాయి.

నాలుగు గంటల ఐదు నిమిషాలకు విభాగంలో ఫోన్ మోగింది. ఇద్రీస్ గారు ఎత్తి, విని, స్పీకర్ మీద పెట్టారు.

“నేను అబూ నాసిర్‌ని, బురైదా నుంచి,” అంది ముసలి గొంతు. “మీ దగ్గర హిందుస్థాన్ మనిషి ఉన్నాడా? నా ఒంటెతో నా పనివాడు ఏం చెప్పాడో నాకు కావాలి.”

ఇద్రీస్ గారు నా వైపు చూశారు. మిషాల్‌కి చెప్పినది ఈయనకీ చెప్పవచ్చు. కానీ మా కాగితం మీద ఉన్న పేరు ఈయనది. ఆ గడిలో పేరున్న మనిషితో అంతకు ముందు నేను అబద్ధం చెప్పి ఎరగను.

“ఇంటికి వెళ్లాలని చెప్పాడు,” అన్నాను. “మీరు బటన్ నొక్కితే కూతుర్ని చూస్తానని చెప్పాడు. అందుకని పరుగెత్తమన్నాడు.”

అవతల టీవీ చప్పుడు వినబడుతోంది.

“ఒంటెకి చెప్పాడు. నాకెందుకు చెప్పలేదు?”

“రెండేళ్లుగా చెబుతున్నాడట.”

“నాకు చెప్పినప్పుడు ఇలా అరవలేదు.” టీవీ చప్పుడు తగ్గించాడు. “ఇంకేదో అన్నాడు. నా గురించి.”

ఇద్రీస్ గారు ఫోన్ వైపు వంగారు. “అబూ నాసిర్, ఆ మిగతా భాగానికి మా దగ్గర రైట్స్ లేవు.”

ముసలాయన నవ్వాడో దగ్గాడో తెలియలేదు. ఆ సాయంత్రమే బటన్ నొక్కాడు. పాస్‌వర్డ్ మరిచిపోవడంతో గంట పట్టిందని తరువాత తెలిసింది.

రెండు వారాలకి జగిత్యాల నుంచి రాజేశం ఫోన్ చేశాడు. మొదటి రోజు కూతురు తలుపు వెనక దాక్కుందట. ఫోన్‌లో లేని బాపును అంతసేపు చూడ్డం ఆమెకు కొత్త. అతను చాప మీద కూర్చుని ఎదురు చూశాడట. సాయంత్రానికి వచ్చి అతని చేతిలో ఛార్జర్ పెట్టిందట.

ఇద్రీస్ గారికి చెప్పాను. ఆయన పాత షెడ్యూల్ కట్ట తెరిచి ఆ గురువారం కాగితం తీశారు.

“పిల్ల పేరేమిటి?”

నాకు తెలియదు. అడగలేదు. అప్పటికప్పుడు జగిత్యాలకి ఫోన్ చేయించారు. అక్షిత అని చెప్పాడు రాజేశం. అబూ నాసిర్ పేరు కింద ఆ పేరు రాసి, కట్ట మూసేశారు. ఆ ఆటను ఆ పిల్ల చూడలేదు కదా అన్నాను.

“చూసేవాడి పేరే రాయాలని నీకు ఎవరు చెప్పారు?” అన్నారు. “గడి పైన ఏముందో చదువు.”

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అంతే. ఆటను చూసే మనిషి ఒకరు కావచ్చు, అది ఎవరి కోసమో ఆ మనిషి వేరే కావచ్చు. ఆయన బతికున్నప్పుడు ఈ వాక్యం రాసి చూపిస్తే, పొడుగైందని సగం కొట్టేసేవారు.

ఆయన పోయాక కట్ట నా సొరుగులోకి వచ్చింది. షెడ్యూల్ ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో తయారవుతుంది. దానికి అంచు లేదు. హీట్స్ చూపించడం లేదు. పేర్లు రాయడం లేదు.