రింగోనా, బోన్‌హామా?

బందరులో ఇద్దరు స్నేహితులు ముప్ఫై ఏళ్లపాటు దేని గురించి తగువులాడుకోగలరు? పొలం గట్టనుకుంటారు, రాజకీయాలనుకుంటారు. శామ్యూల్ రాజ్, శ్యామ్ సుందర్ మాత్రం రాక్ సంగీతంలో అందరికన్నా గొప్ప డ్రమ్మర్ ఎవరన్న దాని మీద తగువులాడుకున్నారు. అవునండీ, నవ్వకండి. మన జిల్లాలో ఇంతకన్నా పనికిమాలిన వాటి కోసం కోర్టుకెక్కినవాళ్లున్నారు.

శామ్యూల్ రాజ్ బంటుమిల్లిలో లెక్కల మాస్టారు. ఆదివారం వస్తే చర్చిలో డ్రమ్స్ దగ్గర కూర్చుంటాడు. శ్యామ్ సుందర్ గుడ్లవల్లేరులో ఒక కాలేజీ లైబ్రేరియన్. ఇద్దరూ బందరులో ఇంటరు కలిసి చదివారు. పొద్దున లేస్తే కీర్తనలు తప్ప మరోటి వినబడని ఇంట్లో పుట్టిన శ్యామ్ సుందర్‌కి ఎవరో లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లీషు బ్యాండు క్యాసెట్టు ఇచ్చారు. అందులో జాన్ బోన్‌హామ్ కాలితో కొట్టే దెబ్బ విన్నాడో లేదో, ఇక లోకంలో మరో డ్రమ్మరే లేడని తేల్చేశాడు. శామ్యూల్ రాజ్ ఏమో బీటిల్స్ వాళ్ల రింగో స్టార్ పక్షం. ఇద్దరిలో ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్లు.

రింగో అంటే శామ్యూల్ రాజ్‌కి ఎందుకంత ప్రాణమో చెప్పాలి. అతనిది పుర్రచెయ్యి. దివిసీమలో, నాగాయలంక దగ్గర పల్లెలో పెరిగాడు. అక్కడి చర్చిలో డ్రమ్స్ కుడిచేతివాళ్లకి తగ్గట్టు అమర్చి ఉండేవి. వాటిని కదిపితే పెద్దలు ఊరుకుంటారా? అలాగే కూర్చుని వాయించేవాడు. దరువు బాగానే నడిచేది గానీ, చరణం చివర ముక్తాయింపుకి ఎడంచెయ్యి ముందు లేచి వింతగా పడేది. "ఎడ్డెమంటే తెడ్డెమంటుంది వీడి చెయ్యి" అని నాయనమ్మ వెంకాయమ్మ కూడా దెప్పేది. ఇంటరులో ఉండగా ఏదో పత్రికలో చదివాడు. రింగోదీ ఎడంచేతివాటమేనట, కుడిచేతివాళ్ల డ్రమ్స్ మీదే వాయిస్తాడట, అందుకే ఆ ముక్తాయింపులు అంత విడ్డూరంగా ఉంటాయట! ఆ రాత్రి పిల్లాడికి సంతోషంతో ముద్ద దిగలేదు.

అప్పటినుంచీ యుద్ధమే. మంగినపూడి బీచి ఇసకలో, బస్టాండులో, ఆఖరికి శ్యామ్ సుందర్ పెళ్లి పందిట్లో కూడా.

"మీ రింగో వాయిస్తే అసలు డ్రమ్స్ ఉన్నాయో లేదో వెతుక్కోవాలిరా!"

"అదేరా గొప్ప! కూరలో ఉప్పు కనబడుతుందట్రా? మీ బోన్‌హామ్ మొదలెడితే పాట గోడ దూకి పారిపోవాలి!"

"ముందు కాఫీ తాగండి, తర్వాత కొట్టుకుందురు గాని" అనేది శామ్యూల్ రాజ్ భార్య రాజకుమారి. ప్రతి శనివారం సాయంత్రం ఇదే భాగోతం.

పోయిన వానాకాలంలో, క్లాసులో బోర్డు మీద లెక్క రాస్తుంటే శామ్యూల్ రాజ్ చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. పక్షవాతం. దేవుడి దయవల్ల మాట దక్కింది, నడక దక్కింది. ఎడంచెయ్యి మాత్రం మొద్దుబారిపోయింది. రోజూ సాధన చేస్తే చాలావరకు తిరిగొస్తుందని డాక్టరు చెప్పి, పిసకడానికి రబ్బరు బంతి ఇచ్చాడు. ఆ బంతి సోఫా కిందికి దొర్లిపోతే, తీసే ప్రయత్నమే చెయ్యలేదు ఈ మహానుభావుడు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ, ఒక చెయ్యి పోయినా డ్రమ్స్ వాయించే దొరగారి వీడియో పంపేవారు. పాపం, మంచి మనసుతోనే. ఇతను ఫోను బోర్లా పెట్టేసేవాడు.

ఉన్నట్టుండి ఒకరోజు, ముందుగదిలో ఉన్న తన సొంత డ్రమ్స్ నాగాయలంక దగ్గర కట్టిన కొత్త చర్చికి ఇచ్చేస్తున్నానన్నాడు. అక్కడి పాస్టరు సుధీర్ ఆదివారం వ్యాను తెస్తానన్నాడు. రాజకుమారి శ్యామ్ సుందర్‌కి ఫోన్ చేసి ఏడ్చేసింది. "అన్నయ్యా, అవి గుమ్మం దాటాయంటే ఈయన ఇక ఆ చెయ్యి ఎత్తరు. మీరే ఏదో ఒకటి చెయ్యండి."

శనివారం సాయంత్రం శ్యామ్ సుందర్ వచ్చాడు. బస్సులో వస్తున్నంతసేపూ ఆలోచించి, స్నేహితుణ్ణి సంతోషపెట్టే మాట ఒకటి సిద్ధం చేసుకున్నాడు.

"ఒరేయ్, ఇన్నాళ్లూ నువ్వన్నదే నిజంరా. రింగోనే గొప్ప. నేనే ఓడిపోయాను."

ముప్ఫై ఏళ్లుగా వినాలని తపించిన మాట! విన్నాక శామ్యూల్ రాజ్‌కి సంతోషం కలగలేదు సరికదా, భయమేసింది. ఇంత మంచిగా మాట్లాడేది పోయినవాళ్ల గురించే కదా.

"ఎందుకు గొప్పో చెప్పు" అన్నాడు.

"అదే... బాగా వాయిస్తాడు కదా..."

"బాగా వాయిస్తాడా? ముప్ఫై ఏళ్లు నాతో కొట్లాడి నువ్వు నేర్చుకున్నది ఇదట్రా?" కుర్చీలో ముందుకి వంగాడు. "నేను పోయాననుకున్నావా? నామీద జాలిపడ్డానికి ఊరంతా ఉంది, నువ్వు కూడా ఎందుకురా! ఎందుకు గొప్పో నేను చూపిస్తాను, కళ్లు తెరుచుకుని చూడు!"

విసురుగా లేచి డ్రమ్స్ మీద దుప్పటి లాగేశాడు. కూర్చున్నాడు. కుడిచెయ్యీ కాళ్లూ ఏమీ మరిచిపోలేదు, దరువు నడిచింది. వంటింటి గుమ్మంలో రాజకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎడంచెయ్యి మాత్రం, పిలవని పేరంటానికి వచ్చినట్టు బెరుగ్గా పడుతోంది. చరణం చివరికి వచ్చాడు. ముక్తాయింపు కోసం ఆ చేతినే ముందు ఎత్తాడు. సగం దాకా లేచింది. పుల్ల జారి శ్యామ్ సుందర్ కాళ్ల దగ్గర పడింది.

శ్యామ్ సుందర్‌కి కళ్లు నిండిపోయాయి. "పర్లేదురా" అనబోయి, నాలిక కరుచుకున్నాడు. ఒక్క మాట తేడా వస్తే స్నేహితుడు మళ్లీ ఆ దుప్పటి కప్పేస్తాడని ఇప్పుడు తెలిసింది.

"ఛీ, ఘోరంగా ఉందిరా" అన్నాడు. "ఇందాక ఏదో నోరు జారాను గానీ, మా బోన్‌హామ్ కాలొక్కటి చాలదట్రా మీ రింగోని మూటగట్టి మూల పడెయ్యడానికి!"

శామ్యూల్ రాజ్ అతని వంక గుడ్లురిమి చూశాడు. అలా చూస్తూ చూస్తూ ఫక్కున నవ్వేశాడు. వానలు పడ్డ దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆ నవ్వు వినబడలేదు.

"ఆ పుల్ల ఇటివ్వు. కుడిచేతికి కాదురా, ఎడంచేతికి! వచ్చే శనివారం రా, మీ బోన్‌హామ్ సంగతి తేలుస్తాను. రాజకుమారీ, ఆ దిక్కుమాలిన బంతి ఎక్కడ పడిందో చూడు."

రాజకుమారి కళ్లు తుడుచుకుని, ముందు ఫోను అందుకుంది.

"సుధీర్ బాబూ, మీ చర్చికి వేరే డ్రమ్స్ చూద్దాం గాని, రేపు వ్యాను తేవద్దయ్యా. ఇక్కడ తగువు ఇంకా తేలలేదు."