టిక్కులు పెట్టే మావ

ప్రపంచంలో తెలుసుకోవలసినదంతా ఊరి లైబ్రరీలో పట్టేస్తుందని నేను నమ్మిన రోజులవి. డిగ్రీ సగంలో ఆగిపోయినా, గజపతినగరం లైబ్రరీలో పిల్లల మనస్తత్వం మీద ఉన్న నాలుగు పుస్తకాలూ (నాలుగోదానికి చివరి పేజీలు లేవు) చదివేశాను కాబట్టి, పసిపిల్లల గురించి నాకు తెలియనిదేదీ మిగల్లేదనుకునేవాణ్ణి. ఆ ధీమా చూసే కాబోలు, అంగన్‌వాడీల నాణ్యత కొలిచే ఒక సర్వేలో నన్ను తీసుకున్నారు. మనలాంటి దేశాల్లో మూడు నాలుగేళ్ల పిల్లలకు అందుతున్న చదువు ఎంత మంచిదో కొలిచి చూడాలని ఎక్కడో పెద్దవాళ్లు అనుకున్నారట. దానికొక ఫారం. గోడ మీద బొమ్మల నుంచి టీచరు గొంతు దాకా అన్నిటికీ సున్నా నుంచి మూడు వరకు మార్కులు. శిక్షణలో మాకు నూరిపోసింది ఒకటే: మూల కూర్చోవాలి, మాట్లాడకూడదు, నవ్వకూడదు, ఎవరు పలకరించినా గోడలా ఉండాలి. మొదటి రోజు ఒంటరిగా చూడాలి. రెండో రోజు సూపర్‌వైజరు మేడం పక్కన కూర్చుని తనూ ఒక ఫారం నింపుతుంది. ఇద్దరి మార్కులూ కలవకపోతే నా ఉద్యోగం ఊడినట్టే. అప్పటికే మా వీధంతా తిరిగి "పరిశోధనలో ఉన్నాను" అని చెప్పుకున్నాను.

నాకిచ్చిన కేంద్రం ఒకే గది. ఆటవస్తువులు బీరువా మీద, వచ్చిన ప్లాస్టిక్ కవరు విప్పకుండా ఉన్నాయి. నేను అటు చూడటం చూసి టీచరమ్మ తనే చెప్పింది. "ఇరగ్గొట్టేత్తే రేపు ఆఫీసర్లొస్తే ఏటి సూపించను సార్?" నేను గోడను కదా, జవాబు చెప్పలేదు. సున్నా వేశాను. పొయ్యి దగ్గరున్న ఆయా (పిల్లలంతా ఆమెను అమ్మమ్మ అంటారు) నన్ను చాలాసేపు ఎగాదిగా చూసింది.

"టీచరమ్మా, ఆ బాబు మాట్టాడడేటి?"

"మాట్టాడకూడదట. మార్కులేత్తారు."

"మార్కులేసీవోడికి నోరుండకూడదేటి? మూగోడని సెప్పడానికి మొగమాటపడతన్నావు నువ్వు. పాపం, సక్కగున్నాడు."

మధ్యాహ్నం ఆమె పప్పన్నం ముద్ద కలిపి నా అరచేతిలో పెట్టింది. "తిను నాయినా, సిగ్గుపడకు" అని సైగలతో కూడా చెప్పింది. వద్దనాలంటే మాట్లాడాలి, అందుకని తిన్నాను. ఫారంలో ఒక ప్రశ్న ఉంది: మౌనంగా ఉండే పిల్లలను పెద్దలు గమనించి దగ్గరకు తీస్తున్నారా? ఆ గదిలో మౌనంగా ఉన్నది నేనొక్కణ్ణే కనక, నోట్లో ముద్ద ఉండగానే 'వర్తించదు' అని రాశాను.

ఆ తరవాత ఆమె మర్నాటి కందిపప్పు చాటలో పోసి పిల్లల మధ్య పెట్టింది. వాళ్లు రాళ్లొక పక్క, పొట్టొక పక్క, పప్పొక పక్క వేరుచేస్తూ, ఎవరికెన్ని రాళ్లు దొరికాయో లెక్కపెట్టుకుంటూ అరుచుకున్నారు. వస్తువులను వేరుచేసే ఆట రంగురంగుల చెక్క దిమ్మలతో ఉండాలని నా మూడో పుస్తకంలో ఉంది. దిమ్మలు లేవు. సున్నా వేసి, పక్కన 'పిల్లలచేత పని చేయిస్తున్నారు' అని రాశాను. పెద్దలను అనుకరించే ఆటలకు కూడా సున్నా, ఎందుకంటే బొమ్మ వంటసామాను బీరువా మీదే ఉంది.

రెండో రోజు మేడం వచ్చి నా పక్కన మరో గోడలా కూర్చుంది. కాసేపటికి రెండు పిలకల పిల్ల ఒకతి లేచి ఎదుటి మూలకు వెళ్లింది. పలక ఒళ్లో పెట్టుకుంది, గడ్డం పైకెత్తింది, అందరినీ కళ్లు చికిలించి చూస్తూ పలక మీద టిక్కులు పెట్టసాగింది. మిగతా పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆమె ముందు నిలబడి మార్కు వేయించుకు వెళ్తున్నారు.

"ఒసే, ఏటాటే ఇది?" అంది ఆయా.

పిలకల పిల్ల పలకలేదు. పక్కనున్న కుర్రాడు చెప్పాడు. "టిక్కులెట్టీ మావాట!"

"నీకూ మూగనోము వొచ్చీసిందేటే తల్లీ!" అంటూ ఆయా ఆ పిల్ల చేతిలో కూడా ఒక ముద్ద పెట్టింది.

మేడం పెదవి కొరుక్కుంటూ ఏదో అంకె వేసింది. నా పెన్ను మాత్రం ఆగిపోయింది. అనుకరణ ఆటకు మూడు వెయ్యాలంటే, ఆ గదిలో అందుబాటులో ఉన్న ఏకైక ఆటవస్తువు నేనేనని ఒప్పుకోవాలి. అలాంటిది నాలుగు పుస్తకాల్లో ఎక్కడా లేదు (చిరిగిపోయిన పేజీల్లో ఉందేమో). సున్నాయే వేశాను. ఆ రోజూ చాట చుట్టూ చేరి పిల్లలు ఏరిన కందిపప్పుకీ సున్నాయే.

బయట వేపచెట్టు కింద మేడం రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టింది. బీరువా దగ్గర తప్ప ఎక్కడా కలవలేదు. "బాగా చదువుకున్నారు. కానీ చూడలేదు" అంది, కోపం లేకుండానే. నా ఉద్యోగం అక్కడితో సరి.

ఇక గోడలా ఉండక్కర్లేదు కనక లోపలికెళ్లి ఆ పిల్లను అడిగాను. "నాకెన్ని వేశావమ్మా?"

ఆయా చేతిలో చాట జారిపోయింది. "ఓలమ్మో, మాట్టాడతన్నాడే!"

పిల్ల పలక రెండో వైపుకు తిప్పి చూపించింది. అటువైపంతా ఒకటే పెద్ద సున్నా.

"ఎందుకలాగ?"

"నువ్వు ఆడవు కదేటి."

వీధిలో అడిగినవాళ్లకు పరిశోధన పూర్తయిందని చెప్పాను. ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ లైబ్రరీలో మూల కుర్చీయే నాది. అయితే ఎవరైనా చిన్నపిల్లలు లోపలికొస్తే మాత్రం పుస్తకం మూసేసి, ముందు నేనే పలకరిస్తాను. ఆ సున్నాను ఒకటి చేయించుకోవాలని ఉంది. మూడు దాకా ఆశ లేదు.