గోంఫోథీర్ ముందు చెప్పులు విప్పిన టీచరమ్మ

ఎనభైల మొదట్లో షికాగోలో మా సండేస్కూల్ టీచరమ్మ దగ్గర వాక్యం నేర్చుకున్నానని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. ఆమె మ్యూజియంలో ఎముకలు శుభ్రం చేసేవారు. గోంఫోథీర్ అనే, లక్షల ఏళ్ల కిందటి నాలుగు దంతాల ఏనుగులాంటి జంతువు ఎముకను ముట్టుకునే ముందు, ప్రార్థనకు వచ్చినప్పటిలాగే చెప్పులు విప్పేవారు.

“ఆ ఎముకలు సృష్టికథకు విరుద్ధం. ఆ జాబ్ మానేయమ్మా, లేదంటే పిల్లలకు పాఠం చెప్పొద్దు,” అన్నారు మా చర్చి సంఘపెద్ద. శనివారం ఆమె ఆయన్నీ పిల్లలందరినీ మ్యూజియానికి తీసుకెళ్లి, ఆ అస్థిపంజరం ముందు నిలబెట్టారు.

“ఇది బైబిల్లో ఎక్కడుందమ్మా?”

“మీరు మాత్రం ఎక్కడున్నారండీ? మిమ్మల్నీ దేవుడే చేశాడుగా!”

మేం పకపకా నవ్వాం. పెద్దాయన నవ్వలేదు. ఆ నాలుగు దంతాలనూ చాలాసేపు చూసి, మెల్లగా వంగి బూట్ల లేసులు విప్పుకున్నారు.

మర్నాడు పాఠం టీచరమ్మే చెప్పారు.